చంద్రుని మీదికి మిషిను, మోరీలకు మనిషా?

2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుని మీద దిగింది. బేగంబజార్‌ల బస్తాలు మోసే హమాలీ అన్న కూడా సంబురపడ్డడు. తప్పులేదు, అందులో అతని పన్ను కూడా ఉన్నది. రాకెట్టు లేవకముందే బొమ్మను తిరుపతి ఎంకన్న కాడికి మోసిండ్రు, దిగినంక ఆ జాగకు 'శివశక్తి' అని పేరుబెట్టిండ్రు. సైన్సుకు బొట్టు!

దేశం గొప్ప చెప్పేటప్పుడు మోరీల ముచ్చటెందుకని దేశభక్తుల కోపం. ఎందుకంటే, రక్షణ సామాను లేకుండ మనిషిని మోరీల దించొద్దని 2013లనే చట్టమైంది. దించినోనికి రెండేండ్ల దాక జైలు. సచ్చినోళ్ల ఇంటికి 2014ల 10 లక్షలన్న సుప్రీంకోర్టు, 2023ల 30 లక్షలన్నది. పైసలు పెరిగినయి, సావులాగలే. మోరీ తోడే రోబోను కేరళ పిలగాండ్లు 2018లనే చేసి చూపిండ్రు. అంటే మిషిను లేక కాదు, మాదిగోని పానం మిషినుకన్న అగ్గువ గనుక.

బేగంబజార్ సందుల్ల పట్టే చిన్న మిషిన్లు ఎన్నున్నయి, కాంట్రాక్టరు ఎవడు? జలమండలిని కాయితం మీద రాసి అడుగుండ్రి.