బలపడటమా, బలపరచడమా?

ఇంగ్లీషులో ‘స్ట్రెంగ్తెన్’ ఒక్కటే లఫ్జ్, కానీ రెండు పనులు చేస్తుంది. రూపాయి పుంజుకున్నా స్ట్రెంగ్తెనే, మేస్త్రీ గోడను గట్టిచేసినా స్ట్రెంగ్తెనే. ఉర్దూలో మజ్బూత్ హోనా వేరు, మజ్బూత్ కర్నా వేరు. తెలుగులోనూ అంతే: బలపడటం, బలపరచడం. పంచాయతీ ఎన్నికల్లో ‘పార్టీ బలపరిచిన అభ్యర్థి’ అంటే మద్దతు దొరికినవాడనే మతలబు, బలవంతుడని కాదు.

నాయకుల తఖ్రీర్లలో మన ఖౌమ్ ఎప్పుడూ ‘బలపరచాల్సిన’ జాబితాలోనే ఉంటుంది. ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు 2007లో వచ్చిన 4 శాతం రిజర్వేషన్ బలపరచడమే. అది మన హఖ్, వదులుకోకూడదు. కానీ ఆ సీటులో చేరిన బిడ్డను డిగ్రీ కాకముందే నికాహ్ పేరు చెప్పి మాన్పిస్తే బలపడేదెవరు? సర్కారు దర్వాజా తెరవగలదు, లోపలికి నడవాల్సింది మన పిల్లలే. వాళ్ల తాలీమ్ పూర్తి కానివ్వండి.