అడిగి గడప దాటే కెమెరా

బీటీ పత్తికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. ఆ ఏడాదే జహీరాబాద్ పక్కనున్న పస్తాపూర్ నుంచి కొందరు మహిళలు కెమెరా పట్టుకుని వరంగల్ జిల్లా పత్తిచేల దారి పట్టారు. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల సభ్యులు వాళ్లు. చిన్న కమతాల దళిత రైతులు, చాలామంది బడి ముఖం ఎరగనివారు. నాలుగు మాటలు రికార్డు చేసుకుని చేతులు దులుపుకోలేదు. ఆ పంటకాలం పొడవునా అవే ఊళ్లకు, అవే రైతుల దగ్గరకు మళ్లీ మళ్లీ వెళ్లారు. విత్తనం మీద ఆశ పెట్టుకున్న రోజుల్లో రైతు మాట ఒకలా ఉంటుంది. దిగుబడి చేతికొచ్చి, అప్పు లెక్క తేలాక మరోలా ఉంటుంది. ఆ రెండు మాటలనూ ఒకే మనిషి నోట వినాలంటే ఆ మనిషి దగ్గరకు తిరిగి వెళ్లాల్సిందే. వరంగల్ రైతుకు ఆ పత్తి మీద కోపం ఎందుకొచ్చిందో చెప్పే వాళ్ల చిత్రం 2003లో వచ్చింది. మూడేళ్ల అనుభవాన్ని కూర్చి 2005లో మరొకటి తీశారు. ఆ తర్వాత అదే పత్తి కథ వెతుక్కుంటూ దక్షిణాఫ్రికా, మాలి దాకా వెళ్లొచ్చారు.

స్వతంత్రంగా డాక్యుమెంటరీ తీసేవారి బలగం చాలావరకు ముగ్గురే. కెమెరాకు ఒకరు, సౌండ్‌కు ఒకరు, మాట కలపడానికి ఒకరు. అద్దె కారు ఉంటే డ్రైవరు నాలుగో మనిషి. అతను బండి నడపడంతో ఆగడు. ఏ ఊళ్లో ఎవరిని ముందు పలకరించాలో, ఏ మాట అక్కడ నొప్పిస్తుందో చాలాసార్లు అతనికే ముందు తెలుస్తుంది. కొద్దిమందితో పని చేయడం డబ్బు లేక పడే అవస్థ అని చాలామంది అనుకుంటారు. డబ్బు లేని మాట నిజమే. కానీ ఈ చిత్రాలకు ప్రాణం పోసేదీ ఆ కొద్దిమందే. జనరేటర్ వ్యాను, లైట్లు, పదిహేను మంది మనుషులు దిగితే ఊరంతా పోగవుతుంది. మాట్లాడాల్సిన ఆమె పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుంటుంది, నలుగురూ మెచ్చే మాటలే చెబుతుంది. ముగ్గురే వచ్చి అరుగు మీద కూర్చుంటే ఆమె చింతపండులో గింజలు తీసే పని ఆపదు. చేతిలో పని సాగుతుంటే నోట్లో మాటా సాగుతుంది.

సౌండ్ రికార్డిస్టు పనినే చూడండి. బూమ్ మైకు ఫ్రేములోకి రాకుండా, చెయ్యి వణకకుండా పట్టుకోవడంతో అతని పని తీరదు. హెడ్‌ఫోన్ పెట్టుకున్న అతనికి పక్కింటి బోరు మోటారు, ఎక్కడో పోతున్న లారీ హారన్ కూడా అందరికన్నా ముందు వినిపిస్తాయి. ఇంటివారిని అడిగి ఫ్రిజ్ ఆపిస్తాడు. వెళ్లేటప్పుడు దాన్ని తిరిగి వేయడం మరిచిపోకూడదని కారు తాళాలు ఆ ఫ్రిజ్‌లోనే పెట్టడం ఈ పనిలో ఉన్నవారికి అలవాటు. మాటలన్నీ అయ్యాక అందరినీ ఒక్క నిమిషం కదలకుండా కూర్చోమంటాడు. ఎవరూ మాట్లాడనప్పుడు ఆ గదిలో ఉండే చప్పుడు అతనికి కావాలి. ఎడిటింగులో మాటకూ మాటకూ మధ్య అతుకు తెలియనివ్వనిది అదే. తాతయ్య, పిల్లలు, వంటింట్లో కోడలు అందరూ ఆ నిమిషం ఎక్కడివారక్కడ ఆగిపోతారు. ఆ నిమిషం గడిచి, వైర్లు చుట్టుకుంటుండగా, అంతసేపూ రాని అసలు మాట బయటపడటం కద్దు. మళ్లీ రికార్డు నొక్కాలా? ఆ మాట అన్నవారిని అడిగి నొక్కాలి. వద్దంటే ఆ మాట విని, మనసులో ఉంచుకుని లేచి రావాలి. చిత్రీకరణకు ఒప్పుకున్నట్లు పొద్దున సంతకం పెట్టించుకున్న కాగితం ఆ అడగడానికి బదులు కాదు.

పస్తాపూర్ మహిళలకు ఈ విద్య నేర్పించిన పి.వి.సతీశ్ దూరదర్శన్‌లో పనిచేసి వచ్చినవారు. 2023 మార్చిలో కన్నుమూశారు. నేర్చుకున్నవారు మాత్రం కెమెరా కోణాలకు తమ బతుకుల్లోంచే పేర్లు పెట్టుకున్నారు. పెత్తందారు చూపు లాంటిది ‘పటేల్ షాట్’. ఎదుటి మనిషి కళ్లకు సమంగా కెమెరా పెడితే అది ‘సంఘం షాట్’, ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే నేల మీద కూర్చుంటారు. కెమెరా ఎంత ఎత్తున పెట్టాలన్నది మర్యాదకు సంబంధించిన ప్రశ్న కూడా అని వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఈ దారిలో అంతకు ముందే నడిచినవారున్నారు. 1980లో దీపా ధన్‌రాజ్, ఆభా భయ్యా, మీరా రావు, నవ్రోజ్ కాంట్రాక్టర్ ‘యుగాంతర్’ పేరుతో జట్టు కట్టారు. పుణెలో పనిమనుషులుగా బతికే మహిళల దగ్గరకు, నిపాణి పొగాకు కార్మిక స్త్రీల దగ్గరకు వెళ్లారు. హైదరాబాద్‌లో ‘స్త్రీశక్తి సంఘటన’ అనే మహిళా బృందంతో కలిసి 1983లో ‘ఇది కథ మాత్రమేనా’ తీశారు. అది 16 ఎంఎం ఫిల్ము కాలం. నాలుగు వందల అడుగుల రోలు 11 నిమిషాల్లో అయిపోయేది. అందుకే ఏది తీయాలో ముందు ఆ స్త్రీలతో కూర్చుని మాట్లాడుకున్నారని అనుకోవచ్చు. రోలు ఖరీదు కన్నా ఆ స్త్రీల మీద గౌరవమే వాళ్లను అలా కూర్చోబెట్టిందని మా నమ్మకం.

ఇప్పుడు మెమరీ కార్డు ఎంత తీసినా పడుతుంది. రాత్రి లాడ్జిలో ఉన్న ప్లగ్గులన్నిటికీ బ్యాటరీలు తగిలించి, ఆ రోజు తీసిందంతా రెండు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించి, అవి సరిగ్గా ఎక్కాయో లేదో చూసుకున్నాకే నిద్ర. కెమెరా చౌకైంది కానీ కాలం చౌక కాలేదు. డీజిలు, గది అద్దె, భోజనం, నెలల తరబడి ఇంటికి పంపలేని జీతం... అసలు ఖర్చు అక్కడుంది. 1948లో పుట్టిన ప్రభుత్వ డాక్యుమెంటరీ సంస్థ ఫిలింస్ డివిజన్‌ను 2022లో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ)లో కలిపేశారు. స్వతంత్రంగా తీసేవారు విదేశీ నిధులకు దరఖాస్తులు పెట్టుకుంటూ, మన పల్లె కష్టాన్ని ఎక్కడి వారికో అర్థమయ్యేలా ముందే మలచుకోవాల్సి వస్తోంది. ఇది కథకు మేలు చేయదు.

తీసిన వారికి ఎంత మంచి మనసున్నా, తెరమీద కనిపించిన వారికి తమదైన మాట ఉంటుంది. బుందేల్‌ఖండ్ దళిత మహిళా విలేకరుల పత్రిక ‘ఖబర్ లహరియా’ మీద రింటూ థామస్, సుష్మిత్ ఘోష్ ఏళ్ల తరబడి తిరిగి తీసిన ‘రైటింగ్ విత్ ఫైర్’ 2022లో ఆస్కార్ పోటీలో నిలిచింది. ఆ వేడుకకు కొద్ది రోజుల ముందు ఆ పత్రిక మహిళలే, చిత్రం బలమైనదే అయినా తమ పనిలో ఒక భాగాన్నే చూపిందని బహిరంగంగా చెప్పారు. ఇందులో ఎవరినీ తప్పుపట్టనక్కర్లేదు. ఆ మాట కూడా ఆ చిత్రంతో పాటు వినాల్సిన మాట.

అందుకే చిత్రం తీసిన చోటికి తిరిగి రావాలి. ముంబయి రమాబాయి నగర్‌లో 1997లో జరిగిన పోలీసు కాల్పులతో మొదలుపెట్టి ఆనంద్ పట్వర్ధన్ 14 ఏళ్లు తీసిన ‘జై భీమ్ కామ్రేడ్’ నిడివి మూడు గంటలకు పైనే. 2012 జనవరిలో దాన్ని బైకుల్లాలోని బీఐటీ చాల్ అనే ఇళ్ల సముదాయంలో జనం మధ్య ప్రదర్శించారు. ఆ బతుకు బతికినవారే మొదటి ప్రేక్షకులు కావడం న్యాయం.

మన వంతు సంగతేమిటి? 1984 నాటి హైదరాబాద్ మతకలహాల మీద దీపా ధన్‌రాజ్ తీసిన ‘క్యా హువా ఇస్ షహర్ కో’ 1986లో వచ్చింది. కాలానికి పాడవకుండా దాన్ని డిజిటల్‌గా పునరుద్ధరించింది బెర్లిన్‌లోని ఆర్సెనల్ సంస్థ. యుగాంతర్ చిత్రాలను కాపాడిందీ అదే. వారికి కృతజ్ఞతలు చెప్పాల్సిందే. కానీ మన నగరం కథ, మన తెలుగు చిత్రం భద్రంగా ఉండటానికి అంత దూరం పోవాల్సి రావడం బాధాకరం. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు ఇలాంటి చిత్రాలకు ఒక్క భాండాగారమైనా ఏర్పాటు చేయాలి. జిల్లా కేంద్ర గ్రంథాలయాల్లో నెలకొక సాయంత్రం వీటికి కేటాయించాలి. ఒక ప్రొజెక్టర్, ఒక తెల్ల గుడ్డ, యాభై కుర్చీలు చాలు. మీ ఊళ్లో అలాంటి ప్రదర్శన ఉందని తెలిస్తే వెళ్లండి. చిత్రం అయిపోగానే లేచిపోకుండా, తీసినవారితో కాసేపు కూర్చుని మాట్లాడండి.