చెత్త ఉత్తరాలను ఏరేదెవరు?

పిల్లలూ! మదనపల్లె మండీలో టమాటాలు ఏరటం చూశారా? మంచివి ఒక పక్క, కుళ్ళినవి ఒక పక్క. అంగళ్లు ఇంజనీరింగు కాలేజీ నుంచి మీ అక్కకు ఈ-మెయిల్ వచ్చినా, అదీ ఇలాంటి ఏరివేత దాటే వస్తుంది. ఏరేది సర్వరు అనే కంప్యూటరు.

అడగకుండా వచ్చిపడే ఉత్తరాలను స్పామ్ అంటారు. 1978 మే 3న అమెరికాలో ఒక కంప్యూటర్ల కంపెనీ ఉద్యోగి దాదాపు 400 మందికి ఒకే ప్రకటన పంపాడు. మొదటి స్పామ్ అదేనంటారు.

సర్వరు ముందు, పంపినవారెవరో చూస్తుంది. తమ పేరుతో ఏయే సర్వర్లు ఉత్తరాలు పంపవచ్చునో సంస్థలు జాబితా ప్రకటిస్తాయి. అందులో లేని చోటి నుంచి వస్తే అనుమానమే. తరవాత మాటలు చూస్తుంది. "లాటరీ", "బహుమతి" వంటి మాటలు చెత్త ఉత్తరాల్లో ఎంత తరచుగా వచ్చాయి, మంచివాటిలో ఎంత తరచుగా వచ్చాయి అని లెక్కగడుతుంది. ఈ లెక్కకు మూలం థామస్ బేయిస్ సూత్రం. అది అచ్చయింది 1763లో!

అయితే, స్కాలర్‌షిప్పు ఉత్తరంలోనూ "బహుమతి" ఉండవచ్చు కదా? ఎంత అనుమానముంటే ఆపాలో నిర్ణయించేది సర్వరును చూసుకునే మనిషి. చెత్త ఉత్తరం ఒకటి లోపలికి వస్తే తుడిచేయవచ్చు. మంచి ఉత్తరం పోతే కాలేజీ సీటే పోవచ్చు. అంచేత తెలివైనవాడు అనుమానపు ఉత్తరాలను పారెయ్యడు, వేరే పెట్టెలో ఉంచుతాడు.

ఆ పెట్టెను వారానికోసారి అమ్మానాన్నలతో కలిసి చూడండి. ఏ పెట్టెలో ఉన్నా సరే, డబ్బో, పాస్‌వర్డో అడిగే ఉత్తరానికి మాత్రం జవాబు రాయకండి!