ఇంట్లోనే కంటి నిఘా: మన అమ్మానాన్నలకు అందేదెంత?

వేసవి వస్తే కమ్మింగ్‌లో మన ఇళ్లకు అమ్మానాన్నలు వస్తారు. ఆరు నెలలకు సరిపడా బీపీ, షుగరు మాత్రలు సూట్‌కేసులో పెట్టుకునే వస్తారు. కంటి మాట ఎత్తితే మాత్రం ‘శుక్లాల ఆపరేషన్ అయిపోయిందిగా’ అన్న ఒక్క ముక్కతో సరి. కానీ శుక్లం తీసేసినంత మాత్రాన కన్ను క్షేమంగా ఉన్నట్టు కాదు. శుక్లం వచ్చేది కంటి ముందున్న కటకానికి. వెనకున్న రెటీనా నడిమి భాగమైన మాక్యులాకు వయసుతో పట్టే జబ్బు వేరు. దాన్నే క్లుప్తంగా ఏఎండీ అంటున్నారు.

ఇది తెల్లవాళ్ల జబ్బని మనలో చాలామంది అనుకుంటారు. ఆ దేశాల్లో ఎక్కువన్న మాట నిజమే, కానీ మనకు రాదని కాదు. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996 నుంచి 2000 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పదివేల మందికి పైగా కళ్లు పరీక్షించింది. నలభై దాటినవారిలో సుమారు 1.8 శాతం మందికి ఏఎండీ ఉన్నట్టు తేలింది. చుట్టలు విపరీతంగా కాల్చేవారిలో మరింత ఎక్కువగా కనిపించింది.

ఏఎండీ రెండు రకాలు. పొడి రకం ఏళ్ల తరబడి మెల్లగా నడుస్తుంది. కొందరిలో అది ఉన్నట్టుండి తడి రకంగా మారుతుంది. మాక్యులా కింద కొత్త రక్తనాళాలు మొలిచి ద్రవం కారుతుంది. కొద్ది వారాల్లోనే ఎదుటి మనిషి ముఖం మసకబారవచ్చు. 2006లో లుసెంటిస్‌కు అమెరికాలో అనుమతి వచ్చినప్పటి నుంచి కంట్లో ఇచ్చే ఇంజక్షన్లతో దీన్ని అదుపు చేస్తున్నారు. అయితే ఎంత చూపు ఉండగా చికిత్స మొదలైందన్నదే చివరికి ఎంత మిగులుతుందో చాలావరకు తేలుస్తుంది. పోయింది తిరిగి రావడం కష్టం. అందుకే ఆ మలుపును ఇంట్లోనే పసిగట్టే పరికరాల మీద ఇంత పట్టుదల.

ఫోర్‌సీహోమ్ అనే పరికరంలో వరుస చుక్కలు క్షణకాలం కనిపిస్తాయి. వరుస ఎక్కడ వంకర పోయిందో చూసేవారు గుర్తించాలి. మాక్యులా కింద ఉబ్బు వస్తే లేని వంకర కనిపిస్తుంది. ఆ జవాబులు పర్యవేక్షణ కేంద్రానికి చేరతాయి. పాత జవాబులతో తేడా వస్తే డాక్టరుకు హెచ్చరిక వెళ్తుంది. ముప్పు ఎక్కువగా ఉన్న 1,520 మందిపై జరిపిన అధ్యయనం 2014లో అచ్చయింది. తడి రకానికి మారినవారిలో ఈ పరికరం వాడినవారు పట్టికలో మధ్యస్థంగా నాలుగు అక్షరాల చూపు కోల్పోతే, మామూలు పద్ధతిలో ఉన్నవారు తొమ్మిది కోల్పోయారు. 2024 మేలో మరో అడుగు పడింది. తడి రకం ఉన్నవారు ఇంట్లోనే తమ రెటీనాను స్కాన్ చేసుకునే స్కాన్లీ పరికరానికి ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. అంతకుముందే 2020లో లండన్ మూర్‌ఫీల్డ్స్ ఆసుపత్రి, డీప్‌మైండ్ కలిసి, ఒక కంట్లో తడి ఏఎండీ ఉన్నవారికి రెండో కన్ను ఆరు నెలల్లో అలా మారుతుందేమో స్కాన్ చూసి అంచనా వేసే కృత్రిమ మేధను ప్రకటించాయి.

సర్వర్ల మీద నిఘా పెట్టే ఉద్యోగం నాది. అలారం మోగడం వేరు, అది నిజం కావడం వేరని రోజూ చూస్తుంటాను. ఒక ఊహాలెక్క వేద్దాం. వెయ్యి కళ్లలో ఏడాదికి ముప్పై తడి రకానికి మారతాయనుకుందాం. యంత్రం వాటిలో 27 పట్టుకుని, మిగతా 970లో పదో వంతుకు పొరపాటున మోగిందనుకుందాం. అంటే 97 ఉత్తుత్తి అలారాలు. మొత్తం 124 మోతల్లో ఐదింట నాలుగు వంతులు ఉత్తవే. అయినా యంత్రం పనికిరాదని కాదు. ఉత్త అలారానికి ఖర్చయ్యేది ఒక డాక్టరు సందర్శన. తప్పిపోయిన అలారానికి పోయేది చూపు.

చిక్కల్లా ఆ సందర్శన ఖర్చు ఎవరిదన్నదే. అర్హులైన పొడి ఏఎండీ రోగులకు ఫోర్‌సీహోమ్‌ను మెడికేర్ భరిస్తుంది. కానీ మన అమ్మానాన్నల్లో ఎక్కువమంది విజిటర్ వీసా మీద వచ్చేవారు. వారికి మెడికేర్ లేదు. గ్రీన్‌కార్డు ఉన్నా, ఇక్కడ పనిచేసిన చరిత్ర లేనివారు 65 నిండి, ఐదేళ్లు ఏకధాటిగా నివసించాకే ప్రీమియం కట్టి చేరగలరు. ఇక విజిటర్ ఇన్సూరెన్సు పాలసీలు పాత జబ్బులను సాధారణంగా పక్కన పెడతాయి. ప్రతి ఉత్త అలారం బిల్లూ కొడుకో కూతురో కట్టాలి. అది పెద్దలకూ తెలుసు. ‘నీకెందుకురా ఖర్చు, ఇండియా వెళ్లాక చూపించుకుంటాలే’ అంటారు. తడి ఏఎండీ అన్నాళ్లు ఆగదు.

కాబట్టి మనం చేయగలిగింది ప్రయాణానికి ముందే మొదలుపెట్టాలి. విమానం ఎక్కకముందు కంట్లో చుక్కలు వేసి రెటీనా పరీక్ష చేయించాలి. డాక్టరు అవసరమంటే ఓసీటీ స్కాన్ తీయించి, ఆ చిత్రాలు మన ఫోన్‌లోనూ ఉంచుకోవాలి. ఇక్కడి డాక్టరుకు కొత్త స్కాన్ పక్కన పెట్టి చూడటానికి పాతది ఉండాలి కదా. ఇంట్లో ఆమ్‌స్లర్ గళ్ల కాగితం ఫ్రిజ్‌కు అంటించండి. చదివే కళ్లద్దాలు పెట్టుకుని, ఒక కన్ను మూసి, నడిమి చుక్కనే చూడాలి. తర్వాత రెండో కన్ను. రెండూ తెరిచి చూస్తే మంచి కన్ను చెడ్డ కంటి లోపాన్ని కప్పేస్తుంది. కిటికీ ఊచలు వంగినట్టు కనిపించినా అదే సంకేతం. వెంటనే, ఆ వారంలోనే రెటీనా డాక్టరును కలవాలి. అయితే గళ్లు తిన్నగా కనిపించినంత మాత్రాన భయం లేదనుకోకూడదు. తొలి మార్పులను ఈ కాగితం తరచూ పట్టుకోలేదు.

మరో మాట. కాస్ట్‌కోలో ఏరెడ్స్-2 మాత్రల డబ్బాలు కొని ఊరందరికీ పంచే అలవాటు మనకుంది. అవి మధ్యస్థ దశ ఏఎండీ ఉన్నవారిలో జబ్బు ముదిరే ముప్పును సుమారు 25 శాతం తగ్గిస్తాయి. జబ్బే లేనివారికి రాకుండా ఆపుతాయని రుజువు కాలేదు. డాక్టరు చెప్తేనే వాడాలి. పాత రకంలోని బీటా కెరోటిన్ పొగతాగేవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెంచుతుందని మర్చిపోవద్దు.

మన సంఘాలు సొంతూళ్లలో కంటి శిబిరాలు పెడుతున్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2018లో కంటి వెలుగు మొదలుపెట్టి ఊరూరా కళ్లద్దాలు పంచింది. ఇకపై శిబిరాల్లో అరవై దాటినవారికి రెటీనా ఫోటో కూడా తీయిస్తే బాగుంటుంది. చికిత్స అక్కడ లేనిది కాదు. రానిబిజుమాబ్‌కు దేశంలోనే తయారైన బయోసిమిలర్ 2015 నుంచీ ఉంది. యంత్రం ఎంత ముందుగా కనిపెట్టినా, ఆ కబురు విని ఇంజక్షన్ దాకా చేర్చే మనిషి ఉంటేనే చూపు దక్కుతుంది. ఆ మనిషి ఎవరో, ఖర్చు ఎవరిదో టికెట్ బుక్ చేసే రోజే ఇంట్లో తేల్చుకుందాం.