ఒక్క ఫైట్‌కి 1,700 రూపాయలా? డబ్బు కట్టేవాణ్ని వెర్రివాణ్ని చేయకండి

2024 నవంబర్ 16, శనివారం పొద్దున. బందరులో మా ఇంటి హాల్లో ఆరుగురం టీవీ ముందు కూర్చున్నాం. అందరం బీటెక్ బ్యాచ్. ఇద్దరు గుడివాడ నుంచి వచ్చారు, ఒకడైతే అవనిగడ్డ నుంచి తెల్లారకుండానే బైక్ మీద దిగిపోయాడు. అమెరికాలోని టెక్సస్‌లో మైక్ టైసన్, జేక్ పాల్ ఫైట్. 58 ఏళ్ల టైసన్‌కి, 27 ఏళ్ల యూట్యూబర్‌కి పోటీ. నెట్‌ఫ్లిక్స్‌లో లైవ్.

ఫైట్ ఎలా జరిగిందో మీకు తెలిసే ఉంటుంది. ఎనిమిది రౌండ్లు, పాయింట్ల మీద జేక్ పాల్ గెలిచాడు. మాకు మాత్రం ఫైట్ కన్నా స్క్రీన్ మీద తిరిగే గుండ్రమే ఎక్కువ గుర్తుంది. ఇడ్లీలు తీసుకొచ్చిన అమ్మ "ఏరా, మీవాడు ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాడా?" అని అడిగింది కూడా. అయినా ఎవరం పెద్దగా తిట్టుకోలేదు. ఎందుకంటే ఆ ఫైట్ కోసం ఎవరం అదనంగా ఒక్క రూపాయి కట్టలేదు. ఉన్న సబ్‌స్క్రిప్షన్‌లోనే వచ్చింది.

తర్వాత కొన్నాళ్లకి ఇంకో టైటిల్ ఫైట్ వచ్చింది. ఈసారి వేరే యాప్, పే పర్ వ్యూ. అంటే సబ్‌స్క్రిప్షన్‌తో పని లేదు, ఆ ఒక్క ఈవెంట్‌కి విడిగా డబ్బు కట్టాలి. రేటు 19.99 డాలర్లు, మన లెక్కలో దాదాపు 1,700 రూపాయలు. గ్రూప్‌లో పెడితే అవనిగడ్డవాడు వెంటనే "పిచ్చా నీకు? టెలిగ్రామ్‌లో లింక్ ఉంది రా మావా" అన్నాడు. నేను వినలేదు. సాఫ్ట్‌వేర్ రాసి బతికేవాణ్ని, ఇంకొకడి పనిని ఫ్రీగా లాగేసుకోవడం నచ్చదు. కట్టేద్దామనుకున్నా.

ఇక అక్కడ మొదలైంది. యూపీఐ లేదు. కార్డు కొడితే డిక్లైన్. 2020 నుంచి ఆర్‌బీఐ రూల్ ప్రకారం కొత్త కార్డుల్లో అంతర్జాతీయ వాడకం ఆపేసే ఇస్తారు, మనమే బ్యాంక్ యాప్‌లోకి వెళ్లి ఆన్ చేసుకోవాలి. చేశా. డబ్బు పోయింది, ఫైట్ వచ్చింది, కానీ ఫోన్‌లోనే. మా టీవీలో ఆ యాప్ ఇన్‌స్టాల్ కాలేదు, క్యాస్ట్ చేస్తే నల్ల తెర. చివరికి 1,700 కట్టిన నేను ఆరున్నర అంగుళాల స్క్రీన్ మీద చూస్తుంటే, రూపాయి కట్టని మావాడు 43 అంగుళాల టీవీలో చూశాడు. రిఫండ్ కోసం మెయిల్ పెట్టా. "కొనుగోలు పూర్తయింది కాబట్టి వీలుకాదు" అని జవాబు.

ఆ రోజు నుంచి నన్ను తొలుస్తున్న విషయం ఇదే. పే పర్ వ్యూ రేటు ఎక్కువని అందరూ అంటారు, నిజమే. కానీ మన దగ్గర అసలు సమస్య ఆ రేటుని మనల్ని చూసి పెట్టకపోవడం. నిజాయితీగా కట్టేవాడికి దొంగతనంగా చూసేవాడి కన్నా తక్కువ సౌకర్యం ఇవ్వడం.

ఈ వంద డాలర్ల లెక్క ఎక్కడిది?

మొదట్లో అమెరికాలో పెద్ద ఫైట్లని క్లోజ్డ్ సర్క్యూట్‌లో వేసేవాళ్లు. అంటే థియేటర్లో టికెట్ కొని తెర మీద లైవ్ చూడటం. అలీ, ఫ్రేజియర్ల కాలం అదే. కేబుల్ బాక్సులు వచ్చాక ఆ టికెట్ ఇంటికి వచ్చింది. 1991లో హోలీఫీల్డ్, ఫోర్‌మన్ ఫైట్‌తో హెచ్‌బీవో తన పే పర్ వ్యూ విభాగాన్ని మొదలుపెట్టింది. 2015 మే 2న మేవెదర్, పాకియావో ఫైట్‌కి వచ్చేసరికి హెచ్‌డీ రేటు 99.95 డాలర్లు, అప్పటి మారకం రేటులో 6,300 రూపాయల పైనే. ఆ రేటుకే అమెరికాలో 46 లక్షల మంది కొన్నారు.

అంత రేటుకి ఎలా కొన్నారంటే, అక్కడ ఒక్కడే కూర్చుని చూడడు. పది మంది ఒక ఇంట్లో చేరి తలా పది డాలర్లు వేసుకుంటారు. మనకి కొత్తేం కాదు. దివిసీమలో తిరణాలకి, పండగలకి ఊరంతా చందాలేసుకుని టీవీ, వీసీపీ అద్దెకి తెచ్చి, రాత్రంతా మూడు సినిమాలు చూసేవాళ్లమని నాన్న చెప్తుంటాడు. పే పర్ వ్యూ కూడా అలాంటి చందా లెక్కే. రేటు హాలు నిండా ఉన్న జనాన్ని చూసి పెట్టారు.

యాప్‌లు వచ్చాక ఏమైంది? రేటు మాత్రం హాలుదే, వాడకం మాత్రం ఒక్కడిది. ఒక లాగిన్, ఒక స్క్రీన్, క్యాస్టింగ్ బంద్. చందా వేసుకోవడానికి కుదరని వస్తువుకి చందా రేటు పెడితే ఎవడు కొంటాడు?

డాజోన్ కథ చూడండి. 2018లో అమెరికాలో అడుగుపెట్టినప్పుడు నెలకి 9.99 డాలర్లకే అన్నీ చూపిస్తాం, పే పర్ వ్యూ చచ్చిపోయింది అన్నట్టు ప్రచారం చేసుకుంది. 2022 సెప్టెంబర్‌లో కనేలో, గొలోవ్‌కిన్ మూడో ఫైట్‌కి అదే డాజోన్ సొంత సబ్‌స్క్రైబర్ల దగ్గర ఇంకో 64.99 డాలర్లు అడిగింది. సబ్‌స్క్రిప్షన్ లేనివాళ్లకి 84.99. చచ్చిందన్నదే లేచి కూర్చుంది.

ఇంజనీర్ లెక్క

ఇప్పుడు నా ఫీల్డ్‌లోకి వద్దాం. ఒక అదనపు ప్రేక్షకుడికి స్ట్రీమ్ పంపడానికి కంపెనీకి ఎంత ఖర్చవుతుంది?

1080పీ స్ట్రీమ్‌కి సుమారు 5 ఎంబీపీఎస్ అనుకుందాం. అండర్‌కార్డ్‌తో కలిపి నాలుగు గంటలు. మొత్తం 9 జీబీ. అమెజాన్ క్లౌడ్‌ఫ్రంట్‌లో ఇండియాకి నేను చూసినప్పుడు మొదటి స్లాబ్ రేటు జీబీకి 11 సెంట్లకి కొంచెం తక్కువ. అంటే ఒక మనిషికి ఒక డాలర్, 85 రూపాయల చుట్టూ. అది కూడా మనలాంటి చిన్నవాళ్లకి వేసే రేటు. టెరాబైట్లకి టెరాబైట్లు కొనే పెద్ద కంపెనీలకి ఇంకా చాలా తక్కువ పడుతుంది. అదే ఫోన్‌కి సరిపోయే 480పీ, 1.5 ఎంబీపీఎస్ దగ్గర ఇస్తే 2.7 జీబీ. 25 రూపాయలు.

ఇదే లెక్కని మనవైపు నుంచి చూడండి. రోజుకి 2 జీబీ ప్యాక్ మీద బతికేవాడికి 480పీ కూడా ఫైట్ అయ్యేదాకా రాదు. ఫైబర్ లేని ఊళ్లో, 5జీ అందని చోట ఉన్నవాడు మెయిన్ ఈవెంట్ మొదలయ్యేలోపే డేటా అయిపోయి యాడ్-ఆన్ కొనుక్కోవాలి. కాబట్టి అతనికి ఫైట్ ఖరీదు 1,700 దగ్గర ఆగదు.

"సర్వర్ ఖర్చు ఒక్కటేనా? బాక్సర్లకి డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది?" అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. బాక్సింగ్‌కి ఐపీఎల్ లాంటి లీగ్ లేదు, ఏళ్ల తరబడి నడిచే ఒకే పెద్ద టీవీ కాంట్రాక్ట్ లేదు. ఒక్కో ఫైట్ ఒక్కో వ్యాపారం. తలకి దెబ్బలు తిని ఏడాదికి ఒకటి రెండుసార్లు రింగ్ ఎక్కే మనిషికి ఆ రాత్రి వచ్చే డబ్బే ఆధారం. అందుకే నేను ఫ్రీగా ఇవ్వండి అనడం లేదు. నెట్‌ఫ్లిక్స్ మోడల్ శాశ్వతంగా కాపాడుతుందనీ అనుకోవడం లేదు. 2025 సెప్టెంబర్ 13న కనేలో, క్రాఫర్డ్ ఫైట్ అదనపు రుసుము లేకుండా వేసింది, 4.1 కోట్ల మందికి పైగా చూశారని ప్రకటించింది. చాలా సంతోషం. కానీ అలాంటి కంపెనీ ప్రపంచమంతా చూసే పేర్లనే కొంటుంది. రెండో వరస బాక్సర్ల ఫైట్లు మళ్లీ పే పర్ వ్యూ గేటు వెనకే ఉంటాయి.

కానీ ఒక మాట. అమెరికాలో వంద డాలర్లకి కొనేవాళ్లు 46 లక్షలు. అదే రేటుకి గుడివాడలో ఎంతమంది కొంటారు? 149 రూపాయలు పెడితే ఎంతమంది కొంటారు? మొదటిదానికి జవాబు సున్నాకి దగ్గర. రెండోది ఎవరూ గట్టిగా ప్రయత్నించి చూడలేదు. సర్వర్ ఖర్చు పోను మిగిలే 60 రూపాయలైనా, 120 రూపాయలైనా, బాక్సర్‌కి ఈరోజు మా దగ్గర్నుంచి వస్తున్న సున్నా కన్నా ఎక్కువే కదా!

టెలిగ్రామ్ లింక్ కూడా ఫ్రీ కాదు

పైరసీ చేసే మా ఫ్రెండ్స్‌కి కూడా ఒక మాట చెప్పాలి. ఒకసారి మావాడి ఫోన్ చూశా. ఫైట్లు చూడటానికని ఎవరో పంపిన ఏపీకే వేసుకున్నాడు. అది ఎస్ఎంఎస్ చదివే పర్మిషన్, నోటిఫికేషన్ యాక్సెస్ అడిగితే రెండూ ఇచ్చేశాడు. వీడియో ప్లేయర్‌కి మీ ఎస్ఎంఎస్‌లతో ఏం పని? బ్యాంక్ ఓటీపీలు వచ్చేది అక్కడికే. 1,700 మిగిలిందని మురిసిపోయి అకౌంట్ తాళంచెవి ఎవడికో ఇచ్చినట్టు. అలాంటిది మీ ఫోన్‌లో ఉంటే ఇప్పుడే తీసేయండి, పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చుకోండి.

కానీ వాణ్ని తిట్టి ఊరుకుంటే సమస్య తీరదు. మేవెదర్, పాకియావో ఫైట్ నాడే, పెరిస్కోప్ యాప్ వచ్చి నెలన్నర కూడా కాకముందే, జనం టీవీ ముందు ఫోన్ పెట్టి లైవ్ పంచుకున్నారు. పదేళ్లు దాటినా ఆగలేదు. మన దగ్గర పాటల సంగతి గుర్తుందా? మెమరీ కార్డులో వంద పాటలు ఎక్కించుకునే షాపులు బందరు కోనేరు సెంటర్ నుంచి ప్రతి ఊళ్లోనూ ఉండేవి. అవి కేసులకి భయపడి మూతపడలేదు. డేటా చవకై, పాటలు యాప్‌లోనే సులువుగా దొరికాక వాటి అవసరం పోయింది.

నేను అడిగేది నాలుగే

మొదటిది, రేటు. మన రాష్ట్రంలో 2022 మార్చిలో ప్రభుత్వం ఇచ్చిన జీవోలో సినిమా టికెట్ 20 రూపాయల నుంచి 250 దాకా ఉంది. మనిషి ఒక సాయంత్రం వినోదానికి ఎంత పెట్టగలడో చెప్పే కొలత అది. ఫోన్‌లో ఒక్కడు చూసే ఫైట్‌కి 99, టీవీలో ఇంటిల్లిపాదీ చూసేదానికి 249 పెట్టండి. ఇదేమీ వింత కోరిక కాదు. నెట్‌ఫ్లిక్స్ మన దేశంలో 149కే మొబైల్ ప్లాన్ ఇస్తోంది.

రెండోది, యూపీఐ. టీ కొట్టులో పది రూపాయలకి పనిచేసేది మీ యాప్‌లో ఎందుకు ఉండదు?

మూడోది, టీవీ. టీవీ రేటు కట్టినవాడికి టీవీలో రావాలి. క్యాస్టింగ్ ఆపేస్తే ఆ మాట డబ్బు తీసుకునే ముందే పెద్ద అక్షరాల్లో చెప్పాలి.

నాలుగోది, రిఫండ్. స్ట్రీమ్ ఎన్నిసార్లు ఆగింది, ఎంతసేపు బఫర్ అయింది అన్నది మీ సర్వర్ లాగ్‌లో సెకన్లతో సహా ఉంటుంది. నేను రాసే కోడ్‌లోనే ఉంటుంది, మీ దాంట్లో ఉండదా? ఫలానా నిమిషాలు దాటితే డబ్బు దానంతటదే వెనక్కి రావాలి. మెయిల్ పెట్టి బతిమాలుకునే పని ఉండకూడదు.

టెక్నాలజీ లేదని మాత్రం అనకండి. 2023 నవంబర్ 19న వరల్డ్ కప్ ఫైనల్‌ని హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 5.9 కోట్ల మంది చూశారు, అదీ మొబైల్‌లో ఫ్రీగా. మన జనం, మన నెట్‌వర్క్ ఆ బరువు మోసి చూపించాయి.

బాక్సింగ్ మనది కాదు, ఎవరు చూస్తారు అనేవాళ్లూ ఉంటారు. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయింది. ఆ తర్వాత మా పక్కింటి ఏడో తరగతి పిల్ల వాళ్ల నాన్నని గ్లవ్స్ కొనిపెట్టమని అడిగింది. ఆ పిల్లకి పెద్ద ఫైట్లు లైవ్‌లో చూడాలని ఉంది. మొన్న నన్నే అడిగింది, "అన్నయ్యా, నెక్స్ట్ ఫైట్ ఎందులో వస్తుంది?" అని.

యాప్ పేరు చెప్పగలిగా. రేటు చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. టెలిగ్రామ్ లింక్ ఇవ్వడం నాకు ఇష్టం లేదు. ఆ పిల్ల వాళ్ల నాన్న ఫోన్‌లో యూపీఐతో 99 కట్టి చూసే రోజు వస్తే, మొదటి టికెట్ డబ్బులు నేనే ఇస్తా.