పాతబండి క్లచ్చు: కొంచెము వదులు



కుట్టుమిషనుపై బాబినుకు దారము చుట్టునపుడు మనమేమి చేయుదుము? చక్రము నడుమనున్న మరను వదులు చేయుదుము. అంతట చక్రము తిరుగును గాని సూది కదలదు. మరను మరల బిగించినచో చక్రమును సూదియు నొక్కటియై యాడును. మోటారుసైకిలునందు క్లచ్చు చేయు పనియు నిట్టిదే. ఇంజను తిరుగుచుండగనే వెనుకచక్రమును దాని పట్టునుండి విడిపించుటయు, మరల మెల్లగా గలుపుటయు దాని ధర్మము. ఇంతమాత్రము గ్రహించినవారికి తక్కినది కఠినము గాదు.

పెక్కు యిండ్లలో మామగారి నాటి బుల్లెట్టుబండి నేటికిని ఆస్తివలె నిలిచి యున్నది. 1955వ సంవత్సరమున ఇంగ్లండునందలి రాయల్ ఎన్‌ఫీల్డు కంపెనీయు మద్రాసు మోటార్సువారును గలసి ఎన్‌ఫీల్డు ఇండియాను స్థాపించిరి. పిమ్మట మద్రాసుచెంత తిరువొత్తియూరున నీ బండ్లు తయారగుచు వచ్చినవి. నాలుగు గేర్లు గల యా పాతబండ్ల క్లచ్చును గూర్చియే నేడు వ్రాయుచున్నాను. ఇది మగవారి పనిగదా యని కొందరనవచ్చును. దేవాసుర యుద్ధమున మూర్ఛిల్లిన దశరథుని రథముపై దూరముగా గొనిపోయి కాపాడినది కైకేయియే గదా! బండిపై బోవువారు మనవారు; మరమ్మతునకు వెచ్చించు సొమ్ము మన యింటి సొమ్ము. తెలిసికొనుట మనకు తగినదే.

ఈ బండి క్లచ్చు ఎడమవైపున, ఇంజనుచైనుపై నుండు పెద్దమూత లోపల, నూనెతడిలో నుండును. రాపిడిపొర గల ప్లేటొకటి, నున్నని యుక్కు ప్లేటొకటి చొప్పున అప్పడములవలె పేర్చబడి యుండును. స్ప్రింగులు వీనినన్నిటిని గట్టిగా నొత్తి పట్టును. ఆ యొత్తిడివలననే ఇంజను బలము చక్రమునకు జేరును. ఎడమచేతి పిడిని లాగినపుడు వైరు కదలి, గేరుబాక్సు ఇరుసులోని రంధ్రమున నుండు సన్నని యూచను త్రోయును. ఊచ స్ప్రింగుల పట్టును సడలింపగా ప్లేట్లు విడిపోవును.

కీలకమంతయు నిచ్చటనే యున్నది. పిడిని లాగనపుడు ఊచ యేమాత్రము త్రోయరాదు. అందుకై పిడియొద్ద రెండు మూడు మిల్లీమీటర్ల వదులుండవలెను. ప్లేట్లరుగుకొలది నీ వదులు తనంతట దగ్గును. వదులు లేనిచో ఊచ యెల్లప్పుడును త్రోయుచుండును. ప్లేట్లు పూర్తిగా నంటక జారును. ఇంజను హోరెత్తును గాని బండి వేగము పెరుగదు, మాడువాసన పుట్టును. వదులు మితిమీరినచో ప్లేట్లు పూర్తిగా విడువవు. గేరు వేయునపుడు గరగర మనును. నిలిచినచోట న్యూట్రలు దొరకదు. పిడి లాగి పట్టినను బండి ముందునకు ప్రాకును. వీథి గుమ్మమున పిల్లలాడుచుండగా నిట్లు ప్రాకు బండి యెంత యపాయమో చెప్పనక్కరలేదు.

మొన్నటి వర్షాకాలమున మా వారు బడికి బోవుచు రైలువంతెన యెక్కుచుండగా, వెనుక లారీ వచ్చుచుండ, బండి హోరు పెట్టి కదలక నిలిచినది. ఎట్లో ప్రక్కకు దీసి నడిపించుకొని వచ్చిరి. మెకానిక్కు చూచి ప్లేట్లన్నియు మార్పవలెననెను. దానికి ముందు పిడిని పరీక్షింపగా వైరు వీణతీగవలె బిగిసి యున్నది. వదులు సరిచేయగానే బండి మరునాడా వంతెన సుఖముగా నెక్కినది. ఇతరచోట్ల ప్లేట్లే యరిగియుండవచ్చును. కాని ఖర్చులేని పరీక్ష ముందు చేయవలెను.

సరిచేయు విధము వినుడు. ఇంజను చల్లారిన పిమ్మట బండిని నడిమి స్టాండుపై నిలుపుడు. వైరు అడ్జస్టరును పూర్తిగా లోనికి ద్రిప్పి వైరును వదులు చేయుడు. గేరుబాక్సుపై కుడివైపుననున్న చిన్నమూత దీసి, లోపలి సర్దుబాటు స్క్రూను, ఊచ స్వల్పముగా నాడునట్లు నిలిపి, లాకునట్టు బిగింపుడు. తుదకు వైరు అడ్జస్టరును వెలుపలికి ద్రిప్పుచు పిడియొద్ద చెప్పిన వదులు వచ్చునట్లు చేయుడు. వైరు పోగులు పిడికడ తెగుచున్నచో క్రొత్తవైరు వేయవలెను.

ఇట్లు చేసినను జారుచున్నచో మూత విప్పవలసినదే. ఎడమ ఫుట్‌రెస్టు తీసి, క్రింద పళ్లెముంచి, మూత నడుమనున్న యొక్క పెద్దనట్టును విప్పిన మూత వచ్చును, నూనెయు కారును. స్ప్రింగులు తీసి ప్లేట్లను వచ్చిన వరుసలోనే కాగితముపై పేర్చుడు. ఉక్కు ప్లేట్లను అద్దపుపలకపై బెట్టి వంకర చూడుడు. నీలిమచ్చలున్నచో మిక్కిలి కాగినవని యర్థము. రాపిడిప్లేట్ల మందమును క్రొత్తదానితో పోల్చుడు. స్ప్రింగులన్నియు నొకే పొడవు గలవిగా నుండవలెను. ఒకటి క్రుంగినను అన్నిటిని మార్చుట మేలు. ప్లేట్ల చెవులు తగులుచోట డ్రమ్ముగాడిలో గంట్లు పడినచో సన్నని ఆకురాయితో నునుపు చేయవలెను. ఈ గంట్లవలనను క్లచ్చు విడువదు. తిరిగి బిగించునపుడు స్ప్రింగులన్నియు సమముగా బిగింపుడు. పిడి లాగి చూడగా పైప్లేటు వంగక తిన్నగా లేవవలెను. క్లచ్చునకు తగినదని చెప్పబడిన నూనెయే పోయుడు. రాపిడి తగ్గించు మందులు గల నూనె పోసిన ప్లేట్లు జారును.

రాత్రియంతయు నిలిచిన బండిలో ప్లేట్లు నూనెతో నంటుకొనును. కావున ఉదయమున ఇంజను స్టార్టు చేయకముందే పిడి లాగిపట్టి, కిక్కును రెండు మూడుమార్లు త్రొక్కిన నవి విడివడును. దారిలో పిడిపై వ్రేళ్లుంచి నడుపు నలవాటు మానుడని మీవారికి చెప్పుడు. వ్రేళ్ల బరువే యా కొంచెము వదులును హరించును. బండి గడప దాటకముందు నెలకొకమారైన ఎడమపిడిని చిటికెనవ్రేలితో కదల్చి చూడుడు. కొంచెమాడినచో నిశ్చింతగా పంపుడు. ఆడనిచో, అతిగా నాడినను, పానా చేతబట్టుడు.