కొట్టిన చోటే మొలవాలి

"అబ్బా, పంజాగుట్టలో గుట్ట ఏదీ?" అని మా చిన్నోడు అడిగితే ఫ్లైఓవర్ చూపించాను. వాడు నవ్వాడు. నాకు రాలేదు.

మేముండేది అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద. మా గల్లీ మలుపులో ఒక వేపచెట్టు ఉండేది. దాని నీడలో ఒక ఇస్త్రీ బండి, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, జావా నోట్సు ముందేసుకుని ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు. చెట్టు చేసిన కసూర్ ఒక్కటే, మూడో అంతస్తు బోర్డుకి అడ్డొచ్చింది. ఒక ఆదివారం ఫజర్ నమాజ్ అయి వస్తుంటే రంపం మిషను చప్పుడు వినిపించింది. గల్లీ నిద్ర లేచేసరికి మాను మూడు ముక్కలై లారీ ఎక్కింది. ఇజాజత్ ఎవరిచ్చారంటే ఎవరూ ఇవ్వలేదు.

షికాయత్ చేశాం. సిబ్బంది వచ్చారు, మొద్దు కొలిచారు, జుర్మానా రాశారు. "ఒకటికి రెండు మొక్కలు నాటిస్తాం సాబ్, ఫికర్ చేయకండి" అన్నారు. ఎక్కడ అని అడిగాను. "జాగా ఉన్న చోట, ఎక్కడో ఒక చోట." వారం తిరక్కుండా మొద్దు మీద సిమెంటు పోసి, దాని మీద బైకులు పెట్టారు.

నా గొడవంతా ఆ "ఎక్కడో ఒక చోట" దగ్గరే. మా గల్లీలో ఒక చెట్టుకి జరిగిందే కంచ గచ్చిబౌలిలో దాదాపు వంద ఎకరాలకి జరిగింది.

2025 మార్చి 30 ఉగాది, 31 ఈద్. ఒకరింట్లో పచ్చడి, ఇంకొకరింట్లో షీర్ ఖుర్మా. కోర్టులకి ఛుట్టీ. ఆ సెలవుల్లోనే సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న నాలుగు వందల ఎకరాల్లోకి జేసీబీలు దిగాయి. చాంద్ రాత్ నాడు బజారుకి పోవాల్సిన వాళ్లం ఫోన్లలో నెమళ్ల అరుపులు వింటూ కూర్చున్నాం. వాటిలో కొన్ని ఏఐతో చేసిన నకిలీ వీడియోలని సర్కారు అంది. సరే, కొన్ని నకిలీవే అనుకుందాం. జేసీబీలు నకిలీవి కావు కదా! ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకుని హైకోర్టు రిజిస్ట్రార్‌ని అక్కడికి పంపింది. దాదాపు వంద ఎకరాలు నేలమట్టమైందనీ, నెమళ్లూ జింకలూ కనిపించాయనీ ఆయన రిపోర్టు ఇచ్చారు. పనులు ఆగిపోయాయి. మళ్లీ అడవిని నిలబెట్టే మన్సూబా తెండి, లేకపోతే అఫ్సర్లు జైలుకి పోవాల్సి ఉంటుందని జస్టిస్ గవాయి బెంచ్ గట్టిగా చెప్పింది. వరసగా సెలవులు చూసుకునే ఎందుకు మొదలుపెట్టారని కూడా నిలదీసింది. మా గల్లీ ఆదివారం నాకు అప్పుడే గుర్తొచ్చింది.

సర్కారు వకీళ్లు ఇచ్చిన జవాబు వినండి. కొట్టిన చెట్లలో చాలావరకు ఇజాజత్ అక్కర్లేని జాతులవేనట. కానూన్‌లో ఆ వెసులుబాటు ఉంది, అబద్ధం కాదు. 2002 నాటి వాల్టా చట్టం కింద చెట్టు కొట్టాలంటే అనుమతి తీసుకోవాలి, బదులుగా మొక్కలు నాటాలి, సుబాబుల్, నీలగిరి లాంటి కొన్నింటికి మాత్రం మినహాయింపు. మంచి కానూనే, కానీ దానికి లెక్కపెట్టడం ఒక్కటే వచ్చు, అదీ మానుల్ని. గడ్డి దాని హిసాబ్‌లోకి రాదు. రేగు పొదా, బలుసు పొదా రావు. బండల మధ్య నిలిచే వాన నీళ్లు అసలే రావు.

కంచ అంటే ఏమిటి? పశువులు మేసే బీడు. మన దక్కన్ అడవి ఊటీలా ఉండదు. ఎండాకాలం చూస్తే ఎండిపోయిన పిచ్చి పొదల్లా కనిపిస్తుంది, అందుకే దాన్ని "ఖాళీ జాగా" అనడం తేలిక. మోదుగు, సీతాఫలం, రేగు, తుమ్మ, నడుమ గడ్డి, గడ్డిలో నక్షత్ర తాబేళ్లు. ఇది మొక్కలు తెచ్చి కట్టింది కాదు, మట్టిలోనే దాగి ఉంది. విత్తనాలు, వేళ్లు, మొద్దులు పైపొరలోనే ఉంటాయి. మోదుగుని కొట్టినా మొద్దు నుంచి మళ్లీ లేస్తుంది. జేసీబీ ఆ పైపొరనే గీకి కుప్ప పోస్తుంది.

కాబట్టి మళ్లీ నిలబెట్టడమంటే గుంతలు తవ్వి, నర్సరీ మొక్కలు పాతి, మంత్రిగారితో ఫోటో దిగడం కాదు. ఇదివరకు హరితహారంలో రోడ్ల పొడుగునా కోనోకార్పస్ నాటాం, ఆ తర్వాత అది వద్దని సర్కారే చెప్పాల్సి వచ్చింది. పచ్చగా ఉన్నదల్లా మనది కాదు. ముందు కుప్ప పోసిన మట్టిని వెనక్కి పరచాలి. పూడ్చిన కుంటల్ని తెరవాలి. ఉన్న మొద్దుల్ని పీకకూడదు. ఆపైన చాలా చోట్ల చేయాల్సింది ఏమీ చేయకపోవడమే. రెండు వానాకాలాలు ఎవర్నీ లోపలికి రానివ్వకుండా సబ్ర్ పట్టడం. టెండర్ పిలవడానికి వీల్లేని పని గనక ఇది ఎవరికీ నచ్చదు.

ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ అనే రాష్ట్రం ఉంది. అక్కడ 2016 నాటి జీవవైవిధ్య చట్టం కింద, ఇజాజత్ లేకుండా పాడుచేసిన జమీన్‌ని బాగు చేయమని హుకుం ఇవ్వొచ్చు. జుర్మానా కట్టాను కదా అని చేతులు దులుపుకోవడం కుదరదు. మనకీ ఇలాంటిదే కావాలి. కొట్టిన చోటే, అక్కడ పుట్టే జాతులతోనే, కొట్టినవాడి ఖర్చుతోనే. అప్పటిదాకా ఆ జాగాలో కొత్త కట్టడానికి ఇజాజత్ ఉండకూడదు. చెట్టు తీసేస్తే చదరపు గజానికి ఎంత ఫాయిదానో అమీర్‌పేటలో ప్రతి బిల్డింగ్ మాలిక్‌కీ తెలుసు. ఆ ఫాయిదా ముందు జుర్మానా చాయ్ ఖర్చంత. ఫాయిదా లేకుండా చేస్తే రంపం దానంతటదే ఆగుతుంది.

సర్కారుకి జమీన్ కావాలి, నౌకరీలు కావాలి అంటారు. కావాలి, నిజమే. మా గల్లీ పిల్లలకి కావాల్సినవీ ఆ నౌకరీలే. కానీ మే నెల ఎండలో వాళ్లు ఇప్పుడు జావా చదువుకునేది ఒక ఏటీఎం గదిలో.

పోయిన నెల నేనూ ఒక దరఖాస్తు పెట్టాను, మొద్దు మీది సిమెంటు తీయించండి, వేపే కదా, మళ్లీ చిగురేయొచ్చని. కాగితం మీద ముద్ర కొట్టి వెనక్కిచ్చారు. సిమెంటు పగలగొట్టాలంటే ఇజాజత్ కావాలట.